దోమల పెద్దమ్మ

పెద్దమ్మ అప్పటికే మూడు పంజరాల్లో చక్కెర నీళ్ల దూది మార్చి, నాలుగోదాని గుడ్డతొడుగులోకి చెయ్యి దూర్చింది. లోపల దోమలు గుయ్యిమన్నాయి.

"ఆగండర్రా, పెళ్లివారొచ్చినట్టు ఏమిటా హడావుడి?" అంది వాటితో.

పంజరమంటే చట్రానికి సన్నని వల బిగించిన పెట్టె. దాని పక్కన వేలాడే గుడ్డతొడుగులోంచి చెయ్యి లోపలికి వెళ్లాలి, దోమ మాత్రం బయటికి రాకూడదు. ఆ తొడుగులన్నీ ఆమె భర్త కుట్టినవే. ఆయనది దోమతెరలు కుట్టే దుకాణం. "ఆవిడ దోమల్ని పెంచుతుంది, ఈయన తెరలు అమ్ముతాడు, ఇంక వాళ్లకేం లోటు!" అని వీధిలో వాళ్లు ఏడిపిస్తూంటారు. పెద్దమ్మకు కోపం రాదు సరికదా, ఆ మాట తనే నలుగురికీ చెప్పి నవ్విస్తుంది.

మనిషి పొట్టి, కాస్త బొద్దు. గదిలోని ఉక్కకు కళ్లద్దాలు మాటిమాటికీ ఆవిరి పడుతుంటే కోటు అంచుతో తుడుచుకుంటూ పని చేస్తుంది. ఈ పరిశోధనశాలకు ఆమె పడుచు వయసులో ఊడ్చే పనికి వచ్చింది. దానికి కొన్ని నెలల ముందే చెల్లెలు జ్వరంతో పోయింది. ఆ మంచం పక్కన చేతులు నలుపుకుంటూ కూర్చోవడం తప్ప ఆమె చేయగలిగిందేమీ లేకపోయింది. ఆ జ్వరాన్ని మోసే దోమనే ఇక్కడ పెంచి, అది జ్వరం మొయ్యకుండా చేసే ఉపాయం వెతుకుతున్నారని తెలిశాక, చీపురు పక్కన పెట్టి ఈ గదిలో పని అడిగి పుచ్చుకుంది. "పగవాణ్ణి ఇంట్లో పెట్టుకుని మేపుతున్నావుటే?" అని వాళ్లమ్మ బుగ్గలు నొక్కుకుంది.

ఇప్పుడా పనిని రెండు దేశాల ప్రభుత్వాలు కలిసి చేస్తున్నాయి. ఇక్కడా అక్కడా దోమల్ని పెంచుతారు, ఇక్కడ కనిపెట్టింది అక్కడ పరీక్షించి చూస్తారు. అయితే పోయిన నెల అక్కడి దోమలన్నీ చచ్చిపోయాయి. ఈ రోజు ఆ దేశం వాళ్లు వచ్చి, ఒప్పందాన్ని పొడిగిస్తూ సంతకాలు పెట్టి, సాయంత్రం విమానంలో ఇక్కడి గుడ్లు పట్టుకెళ్తారు. గుడ్లు అందకపోతే ఈ వానాకాలం పరీక్ష ఆగిపోతుంది, మళ్లీ ఏడాది దాకా ఎదురుచూడాలి. పెద్దమ్మకు ఉద్యోగంలో ఇదే ఆఖరి రోజు. పోతూ పోతూ తన చేతుల మీదుగా ఆ గుడ్లు పంపిస్తున్నానని ఆమె నాలుగు రోజులుగా నేల మీద నడవడం లేదు.

పంజరంలో నీళ్ల గిన్నె ఉంటుంది. గిన్నె లోపలి గోడకు కాగితం చుడతారు. ఆడదోమ వచ్చి ఆ తడి కాగితం మీద గుడ్లు పెడుతుంది. మిరియాల పొడి రాలినట్టు నల్లగా కనిపిస్తాయి. దూది మార్చడం అయ్యాక పెద్దమ్మ మొదటి పంజరంలోని గిన్నె బయటికి తీసి చూసింది. కాగితం తెల్లగా ఉంది. నీళ్లలో దోమలు చచ్చి తేలుతున్నాయి. రెండో పంజరం, మూడో పంజరం, అన్నీ అంతే. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుంది. నిమ్మవాసన గుప్పుమంది.

"నా మతి మండ!" అని అక్కడే కూలబడింది.

విదేశీ అతిథులు వస్తున్నారు కదా అని నిన్న సాయంత్రం గిన్నెలన్నీ సబ్బుతో అద్దాల్లా తోమింది. ఎంత కడిగినా అంచుల్లో సబ్బు మిగిలిపోయింది. సబ్బు కలిసిన నీటి మీద దోమ కాలు నిలవదు, మునిగిపోతుంది. ఈ గదిలో సబ్బు ముట్టుకోవద్దని కొత్తవాళ్ల చెవినిల్లు కట్టుకుని పోరేది ఆవిడే.

బీరువాలో ఒక డబ్బా ఉంది. దాంట్లో ఎప్పుడో దాచిన పాత గుడ్ల కాగితాలున్నాయి. వాటిలో ప్రాణం ఉందో లేదో తెలియదు గానీ, పైకి చూస్తే కొత్తవాటికీ వాటికీ తేడా కనిపించదు. అవే చుట్టి ఇచ్చేస్తే సరి. సంగతి బయటపడేనాటికి తను ఇంట్లో కాళ్లు బారజాపుకుని కూర్చుంటుంది. డబ్బా మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. ఆ దేశంలో కూడా ఎవరో ఒక అక్క ఎవరి మంచం పక్కనో కూర్చునే ఉంటుందన్న ఆలోచన వచ్చింది. పెద్దమ్మకు తన మీద తనకే సిగ్గేసింది.

అంతలో డైరెక్టరుగారు, వెంట ఒక పొడుగావిడా లోపలికి వచ్చారు. ఆ దేశంలో దోమల గది చూసేది ఈ పొడుగావిడేనట. పెద్దమ్మ ఇద్దరికీ నమస్కారం పెట్టి, ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

"సబ్బుతో తోమేశాను సార్. కొత్త గుడ్లు ఒక్కటీ లేవు. బీరువాలో పాతవున్నాయి గానీ ప్రాణం ఉందో లేదో తెలీదు. తప్పంతా నాదే."

"ఏంటి పెద్దమ్మా, చూసి చూసి ఇవాళేనా!" డైరెక్టరుగారు తల పట్టుకుని, పొడుగావిడకు ఆవిడ భాషలో సంగతి వివరించారు.

పొడుగావిడ గిన్నె అందుకుని వాసన చూసింది. ముఖం ఎర్రబడింది. ఇక అయిపోయిందనుకుంది పెద్దమ్మ. ఆవిడ మాత్రం పొట్ట ముందుకు పెట్టి దర్జాగా నాలుగడుగులు నడిచి చూపించింది. తర్వాత గబగబా గిన్నె తోముతున్నట్టు చేతులు ఆడించింది. చివరికి నాలుక బయటపెట్టి తల వాల్చేసింది.

"వాళ్ల దోమలు పోయిందీ ఇలాగేనట," డైరెక్టరుగారికి నవ్వు ఆగడం లేదు. "మంత్రిగారు చూడ్డానికొస్తున్నారని ఈవిడే తొట్లన్నీ సబ్బుతో కడిగిందట. భయపడి ఎవరికీ చెప్పలేదట. వాళ్ల పెద్దలు కింద హాల్లోనే ఉన్నారుగా, కిందికి దిగగానే చెప్పేస్తానంటోంది."

"అయ్యో తల్లీ, నువ్వూనా!" అని పెద్దమ్మ ఆవిడ చేతులు పట్టుకుంది. ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఎవరి భాషలో వాళ్లు ఏవేవో చెప్పుకున్నారు, ఏ ఒక్కరూ రెండోవారి మాట పూర్తయ్యేదాకా ఆగలేదు.

"నవ్వులు తర్వాత. ఆ పాత కాగితాలు తియ్యండి, ఒక ముక్క నీళ్లలో వేసి చూద్దాం," అన్నారు డైరెక్టరుగారు.

గోరువెచ్చని నీళ్లలో ముక్క వేసి, ఇద్దరాడవాళ్లూ తలలు ఆనించి గిన్నెలోకి తొంగి చూస్తూ కూర్చున్నారు. ఎంతసేపైనా చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి. కింద సంతకాలైనట్టున్నాయి, చప్పట్లు వినిపించాయి. వీళ్లు తల ఎత్తలేదు. అప్పుడు ఒక నల్లచుక్క చిట్లి, కనిపించీ కనిపించనంత పురుగొకటి మెలికలు తిరిగింది. దాని పక్కనే ఇంకొకటి. చూస్తుండగానే గిన్నెంతా కదిలింది.

"పుట్టాయి! పుట్టాయండీ!" అని పెద్దమ్మ కేక పెట్టింది. పొడుగావిడ ఆమెను అమాంతం కావలించుకుంది. మిగిలిన కాగితాలన్నీ తడి దూదితో పాటు డబ్బాలో సర్ది, పెద్దమ్మే తన చేతులతో మూత బిగించి ఇచ్చింది. కారు వచ్చిందని కింద నుంచి కేకలేస్తే, పొడుగావిడ డబ్బా పట్టుకుని మెట్ల వైపు పరుగెత్తింది.

పొద్దువాలే వేళకు పెద్దమ్మ పంజరాలన్నీ చూసి, దీపం తగ్గించి, తలుపు దగ్గరగా వేసింది. బయటి మురికి లోపలికి రాకుండా ఆ గదిలోకి వెళ్లేవాళ్లందరూ చెప్పులు విడిచి తెల్ల రబ్బరు చెప్పులు తొడుక్కోవాలి. అవి విడిచి చూస్తే బయట తన చెప్పులు లేవు. వాటి చోట పెద్ద గోధుమరంగు బూట్లున్నాయి. పొడుగావిడ హడావుడిలో కాలికి దొరికినవి తొడుక్కుని పోయింది. పెద్దమ్మ కాసేపు నవ్వుకుని, ఆ బూట్లలో కాళ్లు దూర్చి, టకటకమంటూ మెట్లు దిగింది. ఏళ్ల తరబడి పనిచేసిన చోటు నుంచి ఏడుస్తూ వెళ్తానేమోనని ఆమె భయపడింది. బూట్లు జారిపోకుండా చూసుకోవడంతోనే సరిపోయింది.

గేటు దగ్గర భర్త సైకిలుతో నిలబడి ఉన్నాడు. "ఇవెక్కడివే?" అన్నాడు తెల్లబోయి.

"నా చెప్పులు విమానం ఎక్కాయండీ. నేను ఎక్కకపోతేనేం!"

"మొత్తానికి ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం అప్పుడే అమల్లోకొచ్చిందన్నమాట," అన్నాడాయన. ఇద్దరూ నవ్వుకుంటూ సైకిలు నడిపించుకుని వెళ్లిపోయారు.

మేడ మీద దోమల గది తలుపు పక్కన, మిగతావాటికి కాస్త ఎడంగా, రెండు జతల తెల్ల చెప్పులున్నాయి. ఒక జత కొత్తది, పొడుగావిడ విడిచి వెళ్లింది. రెండో జతకు మడమలు బాగా అరిగి, అయిదు వేళ్ల గుర్తులూ లోతుగా దిగి ఉన్నాయి.