పాట కింద చంద్రావతి

ఇసుక షట్టరును గోకుతోంది.

స్... స్... స్...

కువైట్‌లో సాల్మియా వీధి ఎర్రబడింది. సముద్రం కనపడటం లేదు. మిట్టమధ్యాహ్నం దీపాలు వేశారు.

టేపు తిరగడం మొదలైనప్పుడు కూడా ఇదే చప్పుడు. పాట లేదు. మాట లేదు. ఇసుక ఒక్కటే.

తర్వాత డ్రమ్ము.

ఆ డ్రమ్ము నాకు తెలుసు. నా భార్య దగ్గు తెలిసినట్టు తెలుసు.

ఆ పాటవాళ్లు డెబ్బై తొమ్మిదిలో వచ్చారు. ఆయిలు కంపెనీలో పనిచేసే ఇంగ్లీషు గుమస్తా సెలవు నుంచి వస్తూ రికార్డును చంకలో పెట్టుకుని తెచ్చాడు. నల్ల అట్ట. అట్ట మీద నీళ్లు లేని రేవు.

ది డ్రై డాక్. ఎండిన రేవు. అదే వాళ్ల పేరు.

నలుగురు కుర్రాళ్లు. ఇంగ్లండులో ఉత్తరాన, ఓడలు కట్టడం మానేసిన ఊరు. తండ్రులకు పని పోయిందట. కొడుకులు గిటార్లు పట్టుకున్నారట. పాడేవాడు ఎముకల పోగు. ఫొటోలో కూడా ఎవరి వైపూ చూడడు.

మాది క్యాసెట్ల కొట్టు. ఎవరైనా కొత్త రికార్డు తెస్తే ఒక పూట అడిగి తీసుకుంటాం. టేపులోకి ఎక్కిస్తాం. ఆ తల్లి టేపు నుంచి పిల్ల టేపులు తీస్తాం. కువైట్ అంతా అవే తిరుగుతాయి. తప్పని ఎవరూ అనలేదు.

నేను ముమ్మిడివరం బడిలో చదివిన చదువుకి వాళ్ల మాటలు అందలేదు. లావు తీగల గిటారు మాత్రం అందింది. బావిలోకి బొక్కెన దిగుతున్నట్టు ఉంటుంది అది. దిగుతూనే ఉంటుంది. నీళ్లు తగలవు.

వేగం తప్పి గొంతు సాగిన కాపీలు కొట్టులో పనికిరావు. వాటిని నేను ఇంటికి పంపేవాణ్ణి.

చంద్రావతికి రాయడం రాదు. మాట్లాడటం వచ్చు.

మా వైపు గల్ఫు ఇళ్లన్నిటా అంతే. ఉత్తరం బదులు టేపు. పక్కింటి బుల్లెమ్మ గారి టేపురికార్డరు ముందు పీట వేసుకుని, చెంగు సర్దుకుని, నేను ఎదురుగా ఉన్నట్టే మాట్లాడేది. డ్రై డాక్ పాటల మీదే మాట్లాడేది. ఆమె మాట ఎంత దూరం ఉంటే పాట అంత దూరం చెరిగిపోయేది. ఆమె ఆగిన చోట, అడుగున మిగిలిన పాట మధ్యలోంచి లేచేది.

"గేదె ఈనిందండి. పెయ్యదూడండి. అత్తయ్యగారు బాగున్నారు, నన్ను తిట్టేటంత బాగున్నారు. ఇక ఆపుతానండి. మీ దొర అరిచే వేళయింది."

టక్. ఆ పాడే దొర అరిచేవాడు.

ఆ టేపులు వెంకటసత్యనారాయణ తెచ్చేవాడు. మా ఊరివాడే, ఇక్కడ లారీ డ్రైవరు. పైన అట్ట మా కొట్టుదే. దాని మీద డ్రై డాక్ పేరే. నాది అని నాకు తెలియడానికి చంద్రావతి మూలన పసుపు బొట్టు పెట్టేది.

పసుపు బొట్టు. అంతే గుర్తు.

రెండో రికార్డుకి వాళ్లు మెల్లబడ్డారు. డ్రమ్ముకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ పెరిగింది. పాడేవాడు అరవడం మానేశాడు. పక్కగదిలో ఎవరో పడుకుని ఉన్నట్టు పాడాడు.

ఆ ఏడాది టేపులో చంద్రావతి దగ్గింది.

"ఏం లేదండి. పొయ్యి పొగ."

కువైట్‌కి ఉత్తరాన ఇరాన్, ఇరాక్ యుద్ధం. గాలి ఆ వైపు నుంచి వచ్చిన రోజు కొట్టులో అద్దాలు సన్నగా వణికేవి. అది యుద్ధం కాదు, లారీలు అనేవాళ్లు. నేను నమ్మేవాణ్ణి. పొగ అంటే నమ్మినట్టే.

మూడో రికార్డుకి డ్రమ్ము కొట్టేవాణ్ణి తీసేశారు. మిషను పెట్టారు.

మిషను అలసిపోదు. మిషను ఆగదు. అందులో ఒక పాట హిట్టయింది. కార్ల కిటికీల్లోంచి, బ్నీద్ అల్ గార్ మేడల మీంచి, జ్యూసు కొట్లలోంచి అదే పాట. వాళ్లు కోట్లు తొడిగారు. జుట్టు దువ్వారు. ఇంగ్లీషు గుమస్తా అట్ట చూసి, వీళ్లు చచ్చిపోయారు, అన్నాడు. డబ్బు రాగానే చచ్చిపోయారట.

పాడేవాడి కళ్లు మాత్రం కోటు తొడుక్కోలేదు.

చంద్రావతి దగ్గుకి కూడా వరస వచ్చింది. మాట, దగ్గు. మాట, దగ్గు. కింద మిషను.

"ఆ దొర కొంచెం చిక్కాడండి. గొంతులో తెలుస్తోంది. వాళ్లమ్మ చూసుకోదా?"

తన గొంతు సంగతి చెప్పలేదు.

ఎనభై నాలుగు. పాడేవాడు స్టేజీ మీద పడిపోయాడు. లేపి నిలబెట్టారు. నిలబెట్టి ఆఖరి రికార్డు పాడించారు. తెల్ల అట్ట. బొమ్మ లేదు, పేరు లేదు. ఆస్పత్రి గోడలాంటి తెలుపు. గుమస్తా దాన్ని మాకు ఒక్క పూటకే ఇచ్చాడు.

ఆ పూట నేను కొట్టులో లేను. ఖాళీ క్యాసెట్ల పెట్టెలు దించడానికి షర్క్ రేవుకి వెళ్లాను. చేపల వాసన, డీజిలు వాసన. ఎండకు కళ్లు మండుతున్నాయి.

ఆ పూటే వెంకటసత్యనారాయణ ఊరి నుంచి దిగాడు. సంచి కౌంటరు మీద పెట్టాడు. మాగాయ సీసా, టేపు. బయట లారీ హారను కొడుతోంది. యల్లా, యల్లా, పద పద అని. ఎడారిలో సైటుకి వెళ్లిపోయాడు.

కౌంటరులో దొరబాబు ఉన్నాడు. రామచంద్రపురం వాడు. నాకంటే చిన్నవాడు. చేతులకు తొందరెక్కువ.

సాయంత్రం నేను వచ్చేసరికి సీసా ఉంది.

"ఊరి నుంచి పచ్చడొచ్చిందండి అన్నయ్యగారు. ఊరికే ఊరిపోతందండి నోరు."

పచ్చడి తిన్నాం. ఇద్దరం తిన్నాం. బాగుంది.

టేపు సంగతి ఎవరూ అనలేదు.

ఆ పచ్చడి సీసా ఖాళీ కాకముందే టెలిగ్రాం వచ్చింది.

నేను ఊరు చేరేసరికి దినవారాలన్నీ అయిపోయాయి. ఆమె పీట గోడకి ఆనించి ఉంది. మా అమ్మ నన్ను చూసి ఏడవలేదు.

"కాకినాడలో డాక్టరు పాడైన ఊపిరితిత్తి కోసి తీసెయ్యాలన్నాడు. మా ఆయన మాట వచ్చేదాకా కత్తి పడనివ్వనంది. టేపులో అంతా చెప్పి పంపింది. నువ్వు ఉలకలేదు, పలకలేదు. గుమ్మంలోనే కూర్చునేదిరా, పోస్టువాడి కోసం."

"టేపు రాలేదమ్మా."

"వచ్చింది."

అంతే అంది. మళ్లీ నాతో ఆ మాట ఎత్తలేదు. ఏ మాటా ఎత్తలేదు.

తిరిగి వచ్చాను. ఇఖామా, ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఉంది. నన్ను పనిలో పెట్టుకున్న అరబ్బు, కఫీల్, ఉన్నాడు. కొట్టు ఉంది. డ్రై డాక్ ఆఖరి రికార్డు కోసం కుర్రాళ్లు ఎగబడుతున్నారు. పిల్ల టేపులు తీస్తూనే ఉన్నాం.

ఒక ఉదయం జ్ఞానప్రసూన గారు వచ్చారు. విజయవాడ వాళ్లు. భర్త ఇంజినీరు, బ్నీద్ అల్ గార్‌లో ఇల్లు. చేతిలో టేపు.

"ఏమండీ, ఇది మీ కొట్టులో కొన్నదే కదా? చివర్లో ఎవరో మన తెలుగావిడ మాట్లాడుతున్నారు. మా అమ్మాయి అదీ పాటేనంటుంది. దొరలకి తెలుగెలా వస్తుందే అంటే, నీకు తెలీదమ్మా, ఆర్టు అంటుంది. పొద్దస్తమానం అదే పెట్టుకుని ఏడుస్తోంది. ఎవరండీ ఆవిడ?"

టేపు పెట్టాను.

ఆఖరి పాట అయింది. ఇసుక. స్... స్...

తర్వాత...

"...అదండీ. దాచకుండా అంతా చెప్పేశాను. మళ్లీ చెప్పమంటే నా వల్ల కాదండి. మీరు ఎలా అంటే అలాగే. చేయించుకోమంటే చేయించుకుంటాను. వద్దంటే ఊరుకుంటాను. కబురు మాత్రం పెట్టండి." దగ్గు. మళ్లీ దగ్గు. "సత్యనారాయణ చేత మాగాయ పంపుతున్నాను. ఇక ఆపుతానండి. మీ దొర వస్తాడు."

టక్.

దొర వచ్చాడు. మొదటి రికార్డులోని దొర. బతికి ఉన్నప్పటి గొంతుతో అరిచాడు.

జ్ఞానప్రసూన గారు నా ముఖం చూశారు. టేపు అడగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయారు.

దొరబాబు నా వెనకే ఉన్నాడు.

"పాడైన కాపీ అనుకున్నానండి. మన అట్టే కదండి. మూలన పసుపచ్చగా ఉంటే పచ్చడి నూనె కారిందనుకున్నానండి. గుడ్డెట్టి తుడిచేశానండి."

"అది పసుపు."

"ఇప్పుడు తెలిసిందండి."

తుడిచి, దాని మీదే ఆఖరి రికార్డు ఎక్కించాడు. దాన్నే తల్లి టేపు చేశాడు. రికార్డు పొట్టిది, టేపు పొడుగుది. మిగిలిన చివరలో చంద్రావతి మిగిలింది.

ముందు ఆమె వాళ్ల మీద మాట్లాడింది. తర్వాత వాళ్లు ఆమె మీద పాడారు.

"కొత్తది ఎక్కించేత్తానండి అన్నయ్యగారు. ఎవరికీ తెలీకుండా చెరిపేత్తానండి." తల్లి టేపు మీద చెయ్యి వేశాడు.

ఆ చేతిని కొట్టాను. వాడు తర్వాత షర్క్‌లో వేరే కొట్టుకి పోయాడు. ఎదురుపడితే దణ్ణం పెడతాడు. నేను గోడ చూస్తాను. రేపు వాడి పిల్లలు పెద్దవాళ్లయినా సరే, నేను గోడే చూస్తాను.

కఫీల్ విన్నాడు. ఎవరీ ఆడమనిషి, అన్నాడు. నా భార్య, అన్నాను. తస్బీ పూసలు తిప్పడం ఆపాడు. దేవుడు ఆమెను కరుణించాలి, అన్నాడు. ఖలాస్, ఇక చాలు, ఆ టేపు అమ్మకు, అన్నాడు.

అమ్మడం ఆగింది. అమ్మినవి ఆగవు. వాటి నుంచి జనం మళ్లీ కాపీలు తీసుకున్నారు. ఇంగ్లీషు గుమస్తా అసలు రికార్డు ఇంట్లో ఉండగా మా టేపే వింటాడట. చివర ఆ స్త్రీ లేకపోతే రికార్డు పూర్తికాదంటాడు. ఆమె ఏమంటోంది, అని అడిగాడు.

తెలియదన్నాను.

డ్రై డాక్ అక్కడితో సరి. పాడేవాడు ఒక రోజు ఇంట్లోంచి నడిచి వెళ్లిపోయాడు. దొరకలేదు. పత్రికలో ఆ వార్త ఒక చిన్న పెట్టెలో వేశారు. మిగిలినవాళ్లు పేరు మార్చుకున్నారు. డాన్సు పాటలు కడుతున్నారు. జనం వింటున్నారు.

ఒకడు పోతే పేరు మార్చుకుంటే చాలునేమో. వాళ్లను నేను క్షమించలేదు. పోస్టువాడి కోసం కూర్చున్నదాన్ని కూడా క్షమించలేదు. కత్తి కాకినాడలో ఉంది. నా నోరు ఇక్కడ ఉంది. నా నోటి కోసం ఎందుకు కూర్చోవాలి?

షర్క్‌లో టాక్సీల్లో ఆమె అడుగుతూ ఉంటుంది. సాల్మియా మేడల మీద అడుగుతూ ఉంటుంది. కబురు పెట్టండి. ఊరంతా వింటుంది. ఎవరికీ అర్థం కాదు.

తల్లి టేపు నా దగ్గర ఉంది. మా టేపు మిషను పాతది, పూర్తిగా చెరపదు. పాటకీ పాటకీ మధ్య టేపు గొంతు పూర్తిగా పెంచితే, అడుగున ఏదో ఉంది. ఊపిరి కావచ్చు. దుమ్ము కావచ్చు. చెప్పాల్సిందంతా ఆమె అక్కడే చెప్పింది. దాని మీద వాళ్లు నిలబడి పాడుతున్నారు.

ఆ ఖాళీలో నేను నోరు తెరుస్తాను.

చేయించుకో, అంటాను.

డ్రమ్ము వస్తుంది. నా మాట మీద పడుతుంది.

మళ్లీ ఖాళీ. మళ్లీ అంటాను. చేయించుకో, చంద్రావతీ. మళ్లీ డ్రమ్ము.

ఇవాళ గాలి ఉత్తరం నుంచి. అద్దాలు వణుకుతున్నాయి. లారీలు లేవు వీధిలో.

టేపు తిప్పాను. ఇంకా మొదలు కాలేదు.

స్... స్... స్...

లోపలిదో, బయటిదో.

ఇసుక గోకుతోంది.