డ్యూటీకి పోయే బూట్లు

భవాని వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, పొయ్యి మీద రొట్టె పెంక పెట్టే యాళ్లకు శ్రీశైలం బూట్లు అరుగు దిగి డ్యూటీకి బయలెల్లుతయి. తొందరపడవు. ఒకదాని వెనక ఒకటి, లేసుల కొనలు దుమ్ములో ఈడ్చుకుంట గల్లీ మలుపు దాక పోయి, ఆటో కోసం ఆగుతయి. గడ్డపోతారం కంపెనీలకు పోయే ఆటో అది. ఒడిశా వాళ్లు, బీహార్ వాళ్లు ఇరుకిరుకుగ కూసోని ఉంటరు. "అరే, జూతే కో జగా దో" అని, బూట్లకు జాగ ఇచ్చుకుంట ఎవరో ఒకరు కాళ్లు ముడుచుకుంటరు. బూట్లు ఎక్కి, ఓ మూలకు ఒదిగి నిలబడతయి.

పొద్దుగూకే ముందు అదే ఆటోల దిగొస్తయి. ముక్కుల మీద తెల్లటి పొడి, అడుగున జిగట. భవాని వాటిని ఇంట్లకు రానియ్యది. వాకిట్లనే నీళ్లు గుమ్మరించి, తోమి, అరుగు మీద ఆరబెడతది.

"వచ్చినయా బూట్లు?" పక్కింటి రాజవ్వ గోడ మీది నుంచి అడుగుతది, బర్రె ఇల్లు చేరిందా అని అడిగినట్టే.

"వచ్చినయవ్వా. మా ఆయన కన్న వాటికే సిగ్గున్నది."

ఆ మాట లోపల మంచం మీద పుస్తకం పట్టుకొని కూసున్న శ్రీశైలానికి వినబడాలనే భవాని గట్టిగ అంటది. అతనికి వినబడుతది కూడా. ఒక పేజీ తిప్పుతడు, చదివినా చదవకపోయినా.

శ్రీశైలం మందుల కంపెనీల రియాక్టర్ మీద పనిచేసెటోడు. రియాక్టర్ అంటే ఒక అంతస్తు ఎత్తు ఉక్కు గుండిగె. దాని మూత తీసి డ్రమ్ముల పొడి గుమ్మరించాలె. మూత తీయంగనే లోపలి నుంచి ఒక వేడి ఆవిరి మొఖానికి కొడుతది. మాస్కు ఉన్నా గొంతుల దిగుతది. పోయిన ఏడు మరమ్మతులని కంపెనీ మూసిన్రు. ఆ ఖాళీల శ్రీశైలం ఓపెన్ ఇంటర్‌కు ఫీజు కట్టిండు. ఎప్పుడో పిల్లగానప్పుడు ఆగిపోయిన చదువు. పాసైతే పంచాయితీ ఆఫీసులనో ఇంకెక్కడనో, కిటికీ ఉన్న జాగల ఒక నౌకరి దొరక్కపోదా అనుకున్నడు. కంపెనీ మళ్ల తెరిచిన్రు. అందరు పోయిన్రు. బూట్లు పోయినయి. శ్రీశైలం పోలేదు.

"పరీక్షలైనంక పోత" అన్నడు. పరీక్షలు ఒకసారి వెనక్కి జరిగినయి. అతనికి లోలోపల సంతోషమే అయింది. తనది చదువు మీది ఇష్టమో, ఆ మూత మీది భయమో అతనికే తెల్వదు. పుస్తకం తెరిస్తే కాగితం వాసన వస్తది, అంతే. ఆ వాసన పీల్చుకుంట ఒక్కోసారి నిద్రపోతడు.

ఒక ఆదివారం షిఫ్ట్ ఇన్‌చార్జి లింగం బండి మీద ఇంటికొచ్చిండు. భవాని అన్న నర్సన్న అప్పుడు అరుగు మీద చాయ్ తాగుతున్నడు. నర్సన్న వెలిమెల దిక్కు కూలికి పోయెటోడు. ఆ పొలాలన్నీ ప్లాట్లు అయినంక పని లేక తిరుగుతున్నడు.

"ఏం శ్రీశైలం, నీ బూట్లు హాజరు, నువ్వు గైర్హాజరు. ఏందిది?"

"పరీక్షలున్నయన్నా."

"బూట్లు డ్రమ్ములు ఎత్తుతయా? లెక్కకైతే పనికొస్తున్నయి, పనికి మనిషి గావాలె గద."

లింగం లెక్క నిజంగ బూట్లదే. లోపల అందరి మొఖాలకు మాస్కులు, తలలకు టోపీలు. ఎవడు ఎవడో పోల్చరాదు. అందుకని లింగం కిందికి చూసి పర్మనెంటోళ్ల బూట్ల జతలు లెక్కబెడతడు. ఏండ్ల సంది అట్లనే. పైవాళ్లు కూడా ఆ లెక్కనే అడుగుతరు.

"నేనొస్త తియ్యి లింగన్నా," అన్నడు నర్సన్న. "బావ పరీక్ష రాసే దాంక ఆయన జాగల నేను నిలబడత."

"నీకు బూట్లేవి?"

"రబ్బరు చెప్పులున్నయి గద. బావవి తొడుక్కుందామంటే అవి కాలు దూరనియ్యయి. బావ తీరుగనే మొండివి."

అందరు నవ్విన్రు. లింగం కాసేపు ఆలోచించి, "సరే, నీ పేరు మీద వేరే లెక్కెందుకు, శ్రీశైలం బూట్ల జత లెక్కలనే నువ్వున్నట్టు" అన్నడు. అట్ల ఒప్పందం అయిపోయింది. భవాని మాత్రం అన్న కాళ్ల దిక్కు చూసుకుంట చాయ్ గిలాసలు ఎత్తుకపోయింది.

మొదటి పరీక్ష తెల్లారితే ఉందనంగ, పగటిపూట కంపెనీ సైరన్ మోగింది. షిఫ్ట్ సైరన్ కాదు. ఆగకుండ మోగుతున్నది. శ్రీశైలం పుస్తకం వదిలేసి ఉత్తకాళ్లతోని ఉరికిండు.

గేటు ముంగట అందరిని వరుసల నిలబెట్టిన్రు. వెనక షెడ్డు మీది నుంచి పసుపుపచ్చ పొగ కిందికి జారుతున్నది. లింగం వంగి, వేలు చూపుకుంట జతలు లెక్కబెడుతున్నడు. చివరికి ఫోన్ల చెప్పిండు:

"సరిపోయింది సార్. అందరు బయటికొచ్చిన్రు."

వరుస కొసకు శ్రీశైలం బూట్లు నిలబడి ఉన్నయి. ముక్కులు ముందరికి పెట్టుకొని, బుద్ధిగ. వాట్ల కాళ్లు లేవు.

"లింగన్నా, మా బావ నర్సన్న ఏడి?" శ్రీశైలం అడిగిండు.

"ఏడున్నడో ఈడ్నే ఉంటడు. లెక్క సరిపోయింది గద."

"అవి నా బూట్లు. నేను ఇంటికాడికెల్లి ఇప్పుడే ఉరికొస్తున్న. వాట్ల ఎవరున్నరు?"

లింగం బూట్లను చూసిండు, శ్రీశైలాన్ని చూసిండు. ఫోన్ పట్టిన చెయ్యి కిందికి దిగింది. "సూపర్‌వైజర్ చెప్పాలె, వెతికే సిలిండర్ మాస్కులోళ్లను లోపలికి తోలాలంటే. లెక్క తక్కువ పడితేనే తోల్తరు," అన్నడు, ఎవరికో చెప్తున్నట్టు.

శ్రీశైలం బూట్ల కాడికి పోయిండు. ఇన్ని నెలలు తప్పించుకున్న కాలును ముందుకు చాపిండు. బూట్లు వెనక్కి జరిగినయి. ఇంకో అడుగు వేస్తే ఇంకా జరిగినయి. తర్వాత మెల్లగ తిరిగి, రోజు పొద్దున గల్లీల పోయినంత నిదానంగ, గేటు దాటి పొగలకు పోయినయి.

వరుస కొస ఖాళీ అయింది.

"సార్, ఒకటి తక్కువ," అన్నడు లింగం. ఫోన్ మళ్ల చెవికి పెట్టుకున్నడు.

మాస్కులోళ్లు పోయిన్రు. నేల నిండ పడ్డ పొడి మీద బూట్ల అడుగులు అచ్చుపడి ఉన్నయంట. అవి పట్టుకొని పోతే, డ్రమ్ముల వెనక నర్సన్న దొరికిండు. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు. బూట్లు మాత్రం దొరకలేదు.

సంగారెడ్డి దవాఖానల డాక్టర్ బతుకుతడనే చెప్పిండు. బరువు ఎత్తలేడు, గట్టిగ మాట్లాడలేడు అని కూడా చెప్పిండు. నర్సన్న ఊపిరి తీస్తే ఇసుక జల్లెడ పట్టినట్టు చప్పుడైతున్నది. భవాని అన్న అరికాళ్లు పట్టుకొని కూసుంది.

సాయంత్రం లింగం వచ్చిండు. చేతుల అట్టడబ్బా. మంచం కింద పెట్టి, "కొత్తవి," అన్నడు. "రేపట్నుంచి రా శ్రీశైలం. మనుషులు లేరు. నర్సన్న ఇల్లు కూడా నువ్వే చూడాలె గద ఇగ."

అది నిజమే. శ్రీశైలం తలొంచుకున్నడు. డబ్బాలోని బూట్లు కదలలేదు. ఉత్త బూట్లు అవి.

భవాని లేసి, డబ్బా తీసి లింగం చేతుల పెట్టింది.

"ఆయన రేపు ఈ సంగారెడ్డిలనే పరీక్ష రాస్తడు," అన్నది. "మా అన్న ఇంటి ఖర్చుకు నేను పని చేస్త. ప్యాకింగ్‌ల ఏమన్న ఉంటే నాకు చెప్పు."

"వద్దు భవానీ, నేను పోత," అన్నడు శ్రీశైలం.

"నువ్వు మళ్ల పోవాలని గాదు మా అన్న నీ జాగలకు పోయింది," అన్నది ఆమె. అతని దిక్కు చూడలేదు. నర్సన్న కండ్లు తెరిచి, మాట రాక, వేలు అటూ ఇటూ ఊపిండు, పోవద్దన్నట్టు.

శ్రీశైలం ఎన్ని నెలల సంది కోరుకున్న మాటనో అది. ఇప్పుడు నర్సన్న ఊపుతున్న వేలును పట్టుకొని ఆపిండు.

లింగం డబ్బా చంకల పెట్టుకొని బయలెల్లిండు. వార్డు తలుపు కాడ ఒకతను అడ్డమొచ్చిండు. పక్క మంచం మీది రోగి తమ్ముడు, ఒడిశా మనిషి.

"భయ్యా, కామ్ హై క్యా?" అని పని అడిగిండు.

లింగం అలవాటు కొద్ది ముందు అతని కాళ్లు చూసిండు. ఆగిండు. తర్వాత మెల్లగ తలెత్తి, మొఖం చూసి, పేరు అడిగిండు.

పోకు అందామని శ్రీశైలం నోరు తెరిచిండు. ఆ మనిషి అప్పటికే నేల మీద కూసోని, లింగం ఇచ్చిన డబ్బా తెరిచి, ఒక కొత్త బూటుల కాలు పెట్టి, సరిపోయిందని నవ్వుతున్నడు.