మూడో చెరువు ఏది?

నేను ఒక ఫైలును. ఆఫీసుల్లో దుమ్ము పట్టే అట్ట ఫైలును కాను, కంప్యూటర్లో ఉంటాను. నన్ను పుట్టించింది హైమ. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే బాపిరాజుగారి అమ్మాయి, డిప్లొమా రెండో ఏడు చదువుతోంది. నాకు ‘డేటా2’ అని పేరు పెట్టి ఊరుకుంది. డేటా1 ఏమైందో నేను అడగలేదు. కొన్ని సంగతులు తెలియకపోవడమే మంచిది.

హైమకు వచ్చింది పైథాన్. ఆమెతో చదివే కిరీటికి వచ్చింది ఆర్. రెండూ కంప్యూటరుకు పని చెప్పే భాషలే. నేర్చుకున్నది వదలమంటే ఇద్దరూ వదలరు, ఎవరి పిచ్చి వారికి ఆనందం. అందుకే మధ్యలో నేను. నాలుగు చెరువుల్లో ఆక్సిజన్ ఎంతుందో మీటర్లు చెబితే, బాగా తగ్గిన చెరువు ఏదో హైమ ప్రోగ్రాము నాలో రాస్తుంది. కిరీటి ప్రోగ్రాము నన్ను చదివి, నీటిని చిలికే ఏరేటర్లు ఎక్కడ తిప్పాలో బాపిరాజుగారి ఫోనుకు చెబుతుంది. కరెంటు పోతే జనరేటరు ఒక్క చెరువుకే చాలుతుంది మరి.

రొయ్యల పట్టుబడికి ఇంకా పది రోజులున్నాయి. “ఇవాళ ఒక్కరోజు మీ యంత్రం మాట వింటాను అమ్మలూ,” అన్నారాయన. కూతురి ముఖం చూసి అన్నారు గానీ నమ్మి కాదు.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది, కరెంటూ పోయింది. నాలో 3 అని పడింది. ఫోనులో ‘సత్యం చెరువు’ అని వచ్చింది. ఆయన అక్కడ ఏరేటర్లు వేయించి, మేత చూద్దామని కోడేరు చెరువు గట్టెక్కారు. అక్కడ రొయ్యలు ఊపిరాడక పైకి తేలుతున్నాయి. ఆ వయసులో ఆయన అలా పరుగెత్తగలరని ఇంట్లో ఎవరికీ తెలియదు. జనరేటరు ఇటు మార్చిన గంటకు రొయ్యలు అడుక్కి దిగాయి. అప్పటిదాకా హైమ గట్టు మీద ఏడుస్తూనే ఉంది.

జరిగింది ఇంతే. పైథాన్ వరసను సున్నాతో మొదలుపెడుతుంది, ఆర్ ఒకటితో. సున్నా నుంచి లెక్కిస్తే హైమకు మూడంటే నాలుగోది, చివరిదైన కోడేరు చెరువు. కిరీటి లెక్కలో దాని ముందున్న సత్యం చెరువు. ఇద్దరిదీ ఒప్పే. మధ్యలో నేను ఆ అంకెను ఎంత నిజాయితీగా మోశానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

“నా వల్లే నాన్నగారండీ,” అంది హైమ.

ఆయన చొక్కా కొసతో ముఖం తుడుచుకుని హైమ కంప్యూటరు తెర వంక చూశారు. “మన చెరువులకి నెంబర్లు ఎప్పుడున్నాయి అమ్మలూ? పేర్లున్నాయి కదా. ఆ పేరే రాసి పంపితే ఈ అబ్బాయి యంత్రానికి తెలియదా?”

“తెలుస్తుందండీ,” అన్నాడు పక్కనే ఉన్న కిరీటి తల గోక్కుంటూ. “మాకే తట్టలేదు.”

మర్నాటి నుంచి చెరువుల పేర్లు మోసే కొత్త ఫైలు వచ్చింది. పట్టుబడి రోజున కోడేరు చెరువులో వల బరువుకు మనుషులు చాలలేదు. ఇక నన్ను చెరిపేస్తారనే అనుకున్నాను. హైమ చెరపలేదు. ‘డేటా2’ అన్న పేరు తీసేసి, ‘కోడేరు’ అని పెట్టి దాచుకుంది.