సగం లడ్డు

బాలమణి మొగుడి వేలికొస పొడిచి, నెత్తుటి చుక్కను పట్టీకి అంటించింది. మిషన్ మీద అంకె చూసి పెదవి విరిచింది. ఇన్సులిన్ పెన్నునూ, కళ్లు తిరిగితే నోట్లో వేసుకోవడానికి గ్లూకోజు పొట్లాన్నీ సంచిలో సర్దింది.

"కంచం ముందటికి వచ్చినంకనే సూది ఏసుకో. నీ కడుపుల నా ముక్క ఉన్నది, యాది పెట్టుకో."

ఆ ముక్క ఆమె కాలేయంలోది. కామెర్లు ముదిరి నర్సింహ కాలేయం చెడిపోతే, తన దాంట్లోంచి కోయించి ఇచ్చింది. దాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా మింగే మాత్రలు షుగరును తెచ్చిపెట్టాయి, ముఖాన్నీ ఉబ్బించాయి. ఇన్నేళ్లూ సినిమా గుంపుల్లో వెనకాల నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టుకు ఆ ఉబ్బే కలిసొచ్చింది. ఏజెంటు ఓంప్రకాష్ దాన్ని కళ అనుకున్నాడు. "పెద్దింటి మనిషి లెక్క ఉన్నవన్నా," అంటూ ముందు వరసకు తోశాడు. నర్సింహ నిజం చెప్పలేదు. చెబితే మళ్లీ ఎవరు పిలుస్తారు?

ఎర్రగడ్డ నుంచి జూబ్లీహిల్స్ చేరేసరికి బంగళా తోటలో పెళ్లి భోజనాల సెట్టు సిద్ధంగా ఉంది. ఇవాళ అతను పెళ్లికూతురి మేనమామ. మాటలు లేవు, పట్టు లాల్చీ ఉంది. దానికి జేబు లేదు. పెన్నును పంచె మడతలో దోపుకున్నాడు. పొట్లం సంచిలో, సంచి గేటు దగ్గరి వ్యానులో ఉండిపోయాయి.

"లంచ్ బ్రేక్!" అని అసిస్టెంట్ డైరెక్టర్ మౌళి కేకేశాడు.

అందరి ముందూ లాల్చీ ఎత్తి సూది వేసుకోవడం కుదరదు కదా. నర్సింహ బాత్రూములోకి దూరి, కడుపులో పొడుచుకుని తలుపు తీశాడు.

"లంచ్ ఇప్పుడు కాదండీ, తర్వాత! హీరో గారు వెళ్లాలట. ఒక్క షాట్, అందరూ ఎవరి ఆకు దగ్గర వాళ్లు కూర్చోండి!" మౌళి మళ్లీ అరుస్తున్నాడు.

ఎక్కిన మందు వెనక్కి రాదు, తిండి పడకపోతే షుగరును దించేస్తుంది. నర్సింహ వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా ఆకులో లడ్డు. షాటుకీ షాటుకీ తేడా రాకుండా కంటిన్యుటీ చూసుకునే మహతి వంగి చెప్పింది: "బాబాయ్ గారూ, లడ్డు ముట్టుకోవద్దు. పొద్దుటి షాట్‌లో పూర్తిగా ఉంది. తిన్నట్టు చేయండి చాలు."

హీరో డైలాగు మరిచాడు. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ మరిచాడు. నర్సింహ ఉత్త చేతిని నోటి దాకా ఎత్తుతూ దించుతూ ఉన్నాడు. మేకప్ మనిషి వచ్చి ముఖం అద్దాడు.

"ఏందన్నా, గిన్ని చెమటలు?"

"ఎండ, తమ్మీ."

షామియానా కింద ఎండెక్కడిది! మేకప్ మనిషి వింతగా చూసి వెళ్లిపోయాడు.

ఈసారి హీరో గొంతు ఎక్కడో దూరం నుంచి వినిపించింది. లడ్డు రెండుగా కనిపించింది. బాలమణి గుర్తొచ్చింది; బిందె ఎత్తేటప్పుడు ఇప్పటికీ పక్కటెముకల కింద కోత మీద చెయ్యి పెట్టుకుంటుంది. ఇక్కడ పడిపోతే ఆమె ముక్కా తనతోనే పోతుంది. నర్సింహకు చచ్చేంత భయమేసింది. హీరో ఆఖరి మాట పూర్తవుతుండగా లడ్డు తీసి కొరికాడు.

"కట్!" మౌళి పరుగెత్తుకొచ్చాడు. "ఏంటండీ ఇది? ముట్టుకోవద్దన్నాం కదా!"

"షుగరు సార్. బ్రేక్ అన్నరని సూది ఏసుకున్న. లివరు గూడ నాది గాదు, నా భార్యది. తినకుంటే పడిపోతుంటి."

ఎవరూ తిట్టలేదు. జ్యూసు తెచ్చారు. అందరికంటే ముందు అతనికే వేరే పళ్లెంలో వడ్డించి తినమన్నారు. ఆ మర్యాదకే నర్సింహ గుండె జారిపోయింది. కాస్త దూరంలో మౌళి ఏజెంటు చెవిలో ఏదో చెబుతున్నాడు.

ఓంప్రకాష్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంట్ల ఆరాం జెయ్యన్నా. నేనే ఫోన్ జేస్త."

ఆ మాట అతను ఇదివరకు ఎవరెవరితో అన్నాడో నర్సింహకు తెలుసు. లాల్చీ మడిచి ఇచ్చేసి, తన చొక్కా తొడుక్కున్నాడు. గేటు దాటుతుండగా బాలమణి ఫోను.

"తిన్నవా?"

"తిన్న."

"కడుపు నిండ?"

"ఆఁ. ముందు వరసల కూసోబెట్టి పెట్టిండ్రు."

తోటలో షూటింగు లైట్లు మళ్లీ వెలిగాయి. హీరో డైలాగు బాగా వచ్చింది లడ్డు కొరికిన ఆ టేకులోనే కాబట్టి దర్శకుడు దాన్నే ఉంచమన్నాడు. తర్వాతి షాటులో మేనమామ కనిపించడు, అతని ఆకు కనిపిస్తుంది. ఎవరో దాన్ని తీసేయబోతే మహతి ఆపింది.

"అది కదపకండి, కంటిన్యుటీ."

ఖాళీ కుర్చీ ముందు, అరిటాకులో, పంటిగాట్లతో సగం లడ్డు అలాగే ఉండిపోయింది.