దసరా నాటి నొప్పి

గుండె స్కానింగుకు పోయే రోజు కూడా సుమలత డ్రైవర్లందరికీ వంట చేసిపెట్టే బయల్దేరింది. అన్నం, పప్పుచారు, వంకాయ కూర. వండిందే గానీ మెతుకు ముట్టలేదు, పరగడుపున రమ్మన్నారు. గిన్నెల మీద మూతలు సర్ది చేతులు కడుక్కుంటుంటే బయట కారులోంచి మొగుడు జగదీశ్ హారన్ కొట్టాడు. ఇంట్లో మనిషిని హారన్ కొట్టి పిలిచే మొగుడు లోకంలో ఇంకెక్కడైనా ఉన్నాడో లేదో గానీ, శంషాబాద్‌లో మాత్రం ఒకడున్నాడు.

ఎయిర్‌పోర్ట్ తెరిచిన ఏడాదే జగదీశ్ ఒక కారు కొని కిరాయికి తిప్పడం మొదలుపెట్టాడు. ఐదేళ్ళు తిరిగేసరికి వాకిలి నిండా కార్లే. కార్లు ఆయనవి, డ్రైవర్లు ఆయన మనుషులు, వాళ్ళ ఆకలి మాత్రం సుమలత వంతు. "బయట తింటే బండి గంటసేపు ఆగుతది. ఇంట్ల తింటే బుక్క మింగి మళ్ల ఎక్కుతడు" అని ఆయన లెక్క. ఆ లెక్కలో పొయ్యి ముందు నిలబడే మనిషి ఎక్కడా కనబడదు. ఎవరైనా "మీ ఆమె ఏం చేస్తది?" అని అడిగితే "ఏం చెయ్యది, ఇంట్లనే ఉంటది" అంటాడు. అబద్ధం ఆడుతున్నానని కూడా తెలియదు పాపం ఆయనకు.

స్కానింగుకు పోయిన ఏడు ఎండాకాలం నుంచి సుమలతకు మెట్లెక్కితే ఆయాసం. తడి బట్టల బకెట్టుతో మిద్దె మీదికి పోతే సగంలో కూర్చోవాల్సి వస్తోంది. అత్తాపూర్‌లో గుండె డాక్టరు రేవతి దగ్గర చూపించుకుంటే, ఎకో తీసి, గుండెలో ఒక పక్క సరిగ్గా కొట్టుకోవడం లేదు, ఎందుకో తెలియాలంటే ఎమ్మారై తియ్యాలి అంది. ఒంటి మీద వీసమెత్తు లోహం ఉండకూడదని కూడా చెప్పింది. అది విని అత్త కొండమ్మ నెత్తి కొట్టుకుంది. "మొగడు బతికుండంగ పుస్తెలు తీస్తరా? గిదేం పాడు మిషినే!" చివరికి తనే పసుపు కొమ్ము తెచ్చి, దారానికి కట్టి, కోడలి మెడలో ముడేసి, అప్పుడు పుస్తెలతాడు తియ్యనిచ్చింది. లోపలున్న గుండె సంగతి ఏమోగానీ పైనున్న మెడ మాత్రం బోడిగా ఉండకూడదు.

స్కానింగు గదిలో చలికి దంతాలు కొట్టుకున్నాయి. ఛాతీ మీద బరువుగా ఏదో పరిచి, చేతికి సూది పెట్టి, చెవులకు మూతలు తగిలించి, బల్లతో సహా ఆమెను సొరంగంలోకి తోశారు. మొదలైంది మోత! రేకుల షెడ్డు మీద ఎవరో సమ్మెటలతో బాదుతున్నట్టు. మధ్యమధ్య చెవిలో ఒక అబ్బాయి గొంతు: "ఊపిరి తీసుకోండి. వదిలెయ్యండి. ఆపండి." ఆపింది. మళ్ళీ ఆపమంటే మళ్ళీ ఆపింది. కదలకుండా పడుకోవాలట, ఇంకేమీ చెయ్యొద్దట. పెళ్ళయినప్పటి నుంచి ఆమెను ఎవరూ అలా పట్టపగలు పడుకోబెట్టలేదు. కాళ్ళూ చేతులూ ఖాళీగా ఉంటే మనసు ఊరుకుంటుందా, పోయి పోయి నాలుగేళ్ళ కిందటి దసరా మీద వాలింది.

ఆ రోజు కార్ల పూజ. చుట్టాలు, డ్రైవర్లు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు, పెట్రోలు బంకు వాళ్ళు, ఇల్లంతా జనం. పెద్ద పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. గరిటె తిప్పుతుండగా రొమ్ము నడుమ ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. దవడ గుంజింది. ఒళ్ళంతా చెమట. గోడ పట్టుకుని అలాగే జారిపోయింది. "అత్తమ్మా, గుండెల నొప్పి లేస్తుంది" అంది. కొండమ్మ రెక్క పట్టి లేపింది. "లెవ్వు లెవ్వు, పని కనవడంగనే నొప్పులు లేస్తయ్. బంతి మీద జనం కూసున్నరు." సుమలత వాంతి చేసుకుని వచ్చి మొగుడితో చెప్పింది. "గ్యాసు. సోడా తాగు" అన్నాడు. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగలేక ఇంకోసారి చెప్పింది. ఈసారి పక్కనున్న వాళ్ళతో, "చూసిన్రా, మా ఇంటామె సినిమాల్ల ఉండాల్సింది" అని నవ్వాడు. వాళ్ళూ నవ్వారు. చెవిటివాడి ముందు శంఖం ఎన్నిసార్లు ఊదితే మాత్రం ఏం లాభం? ఆమె నోరు మూసుకుని పెరుగు వడ్డించింది.

అంతటితో పోతే బాగుండేది. సుమలతను డ్రైవర్లు వదినె అంటారు. ఆ తర్వాత ఆ ఇంట్లో దొంగ జబ్బుకి 'వదినె నొప్పి' అని పేరు పడిపోయింది. డ్రైవరు ఎవడైనా నలతగా ఉంది, డ్యూటీకి రానంటే జగదీశ్ ఫోన్లో "ఏందిరా, నీకు గూడ వదినె నొప్పి లేసిందా?" అనేవాడు. వంటింట్లో ఉన్న వదినెకు అది వినబడేది. వినగా వినగా ఆమెకే అనుమానం పట్టుకుంది. నిజంగానే గ్యాసేమో. పని తప్పించుకోవాలని తనకే లోపల ఉండిందేమో. పెద్ద నొప్పే అయితే చచ్చిపోయేదాన్ని గదా, చావలేదంటే నాటకమే గదా! సొరంగంలో ఊపిరి బిగబట్టి ఆమె కోరుకున్నది ఒకటే. ఆ నొప్పి నిజమని ఈ ఫోటోలో పడాలి. జబ్బు లేదని తేలితే బాగుండు అని అందరూ దేవుడికి మొక్కుకుంటారు. ఈమె ఉందని తేలాలని మొక్కుకుంది. ఎంత నలిగితే మనిషి అలా మొక్కుకుంటుందో మీరే ఆలోచించండి.

రెండు రోజుల తర్వాత డాక్టరు రేవతి కంప్యూటరు తెరను వాళ్ళవైపు తిప్పింది. నల్లటి ఉంగరంలా ఉంది బొమ్మ.

"ఇది మీ గుండె కండ అమ్మా. బాగున్న చోటల్లా నల్లగా ఉంటుంది. ఇదిగో, ఇక్కడ కింది పక్క తెల్లటి చార చూశారా? మీకు ఎప్పుడో గుండెపోటు వచ్చింది. అక్కడి కండ చచ్చిపోయి మచ్చ మిగిలింది. ఇది ఈ మధ్య వచ్చింది కాదు, పాతదే."

సుమలత ఆ చారను చూసింది. ఏడుపు తన్నుకొచ్చింది. అది దుఃఖమని డాక్టరు అనుకుంది గానీ, అందులో సగం సంతోషం. నిజమే! తను అబద్ధం ఆడలేదు!

"ఎప్పుడైనా బాగా నొప్పి వచ్చిందాండీ?" డాక్టరు అడిగింది.

ఆమె నోరు తెరిచేలోపే జగదీశ్ అందుకున్నాడు. "ఏం రాలే మేడం. ఇరవై ఏండ్లయింది పెండ్లయ్యి, ఒక్కనాడు గూడ పండుకోలే. గట్టి మనిషి." అని పెళ్ళాం వైపు తిరిగాడు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. "గంత నొప్పొస్తే ఎందుకు చెప్పలేదే? చెప్పకుంటే మాకెట్ల ఎరుకైతది?"

డాక్టరు కూడా తల ఊపింది. "మన ఆడవాళ్ళు ఇంతేనండీ, అన్నీ లోపలే దాచుకుంటారు. కాస్త నోరు విప్పి చెప్పాలమ్మా."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. నాలుగేళ్ళు అబద్ధాలకోరు అనిపించుకుంది. ఇప్పుడు నిజం బయటపడితే మూగదనిపించుకుంటోంది. మందులు రాసి, బరువు పనులు వద్దని, యాంజియోగ్రాం కూడా అవసరమని చెప్పి పంపింది డాక్టరు.

కారు ఆరాంఘర్ దాటాక సుమలత నోట మాట ఊడిపడింది.

"చెప్పిన."

"ఏంది?"

"నొప్పని చెప్పిన. కార్ల పూజ నాడు. సోడా తాగుమన్నవ్. అందరి ముంగట నవ్వినవ్."

జగదీశ్ నొసలు ముడేసి ఆలోచించాడు. దాచిపెట్టడం లేదు, నిజంగానే వెతుక్కుంటున్నాడు. "ఏ కార్ల పూజ? నాకు యాదికి లేదు సుమా" అన్నాడు. అంతలో ఫోను మోగింది. దుబాయి ఫ్లైటు దిగిందట, బండి కావాలట. గగన్‌పహాడ్ దాకా ఆ మాటలే. సుమలత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తిట్టినా తట్టుకునేది, కాదని దబాయించినా తట్టుకునేది. తను రోజూ మోసిన రోజు ఆయనకు అసలు లేనే లేదు.

ఇంటికొచ్చాక జగదీశ్ మళ్ళీ ఎయిర్‌పోర్ట్‌కు పోయాడు. కొండమ్మ గడపలో కూర్చుని ఉంది. సుమలత ఎదురుగా నిలబడింది. దారి పొడుగునా మనసులో పేర్చుకున్న మాటలన్నీ ఉన్నాయి.

"దసరా నాడు నాకొచ్చింది గుండెపోటేనట అత్తమ్మా. డాక్టరమ్మ ఫోటోల చూపిచ్చింది. నీకైన యాదికున్నదా, లేదా?"

"నేనెట్ల మరుస్త బిడ్డా. పప్పు పొయ్యి మీదుండె. గోడకు కూలవడ్డవ్. రైకంత తడిసిపోయింది. అది నాటకం గాదని నాకు గప్పుడే ఎరుక."

"ఎరుకయ్యి గూడ లేపినవా?"

"లేపిన. నాకట్లయితే మా అత్త గూడ గట్లనే లేపింది. వరి నాటు కాడ, మోకాల్లోతు బురదల. మళ్ల వంగి నాటేసిన. సావలే. ఆడోళ్లకు అచ్చే నొప్పి గిట్లనే ఉంటది, పని చేస్తే పోతది అనుకున్న." ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. "తప్పయింది."

తప్పయిందంటే పోతుందా ఆ తెల్లటి చార? సుమలత ఆమెను క్షమించలేదు. ఇవాళ అడిగినా క్షమించలేదనే చెబుతుంది. లోపలికి పోబోయి, ఎందుకో ఆగింది. ముసలామె కుడి చేత్తో ఎడమ భుజాన్ని పిసుక్కుంటోంది. రోజూ పిసుక్కుంటుంది. సుమలత రోజూ చూస్తూనే ఉంది.

"ఇప్పుడు గూడ లేస్తదా?"

కొండమ్మ వీధి వైపు చూసింది, కొడుకు వచ్చాడేమోనని. "మిద్దెక్కితే లేస్తది. రెక్క గుంజుతది. ఎవ్వలకు చెప్పకు."

సుమలత ఆమె పక్కనే గడపలో కూలబడింది. ఇద్దరూ ఏడ్చారు. ఒకరి కోసం ఒకరు ఏడ్చారని చెప్పలేను, ఎవరి ఏడుపు వాళ్ళదే. కానీ పక్కపక్కనే ఏడ్చారు.

తెల్లారి జగదీశ్ వంటింట్లోకి తొంగిచూస్తే పొయ్యి వెలగలేదు. అత్తాకోడళ్ళిద్దరూ వాకిట్లో చెప్పులు తొడుక్కుంటున్నారు.

"యాడికి?"

"దవాఖానకు."

"మళ్ల ఏమైందే నీకు?"

"నాకు గాదు. అత్తమ్మకు గుండెల నొప్పి లేస్తుంది."

"అమ్మకా?" జగదీశ్ బిత్తరపోయాడు. "నాకెన్నడు చెప్పలేదే!"

సుమలత అత్త చెయ్యి పట్టుకుని మెట్టు దింపింది.

"నాకు చెప్పింది. నేను విన్న."