పెట్టె అడుగు నాయనమ్మలు

ఆ ఆదివారం సావో పావులో శివారు చర్చిలో, కన్నతండ్రిని కూర్చోమని చెప్పి పసిబిడ్డను పరాయి కుర్రాడి చేతికి ఇమ్మన్నారు.

బిడ్డకు దీవెన ఇవ్వడానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. యాజకత్వం, అంటే పూజారి హోదా, ఉన్న మగవాళ్ళు గుండ్రంగా నిలబడి, తలా ఒక చెయ్యి బిడ్డ కింద పెట్టి పేరు పలుకుతారు. పన్నెండేళ్ళు నిండిన ఏ మగపిల్లాడికైనా ఆ చర్చిలో యాజకత్వం ఇస్తారు, నల్లవాడికి తప్ప. వాల్దెమీరు నల్లవాడు. తాపీ పని చేస్తాడు. నగరంలో లేస్తున్న ఆ చర్చివాళ్ళ పెద్ద మందిరానికి ప్రతి శనివారం కూలి లేకుండా ఇటుక పేర్చి వస్తాడు. గోడలు పూర్తయ్యాక ఆ గడప తొక్కే అర్హత కూడా అతనికి లేదు.

"నువ్వు కూర్చో బ్రదర్," అన్నాడు సంఘపెద్ద ఒటాసిల్యు. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ కుర్రాడు చేతులు చాచాడు. వాడికి నిండా ఇరవై ఏళ్ళు లేవు. వాల్దెమీరు తల దించుకుని బల్ల మీద కూలబడ్డాడు.

అతని భార్య నజారే బిడ్డను గుండెకు అదుముకుంది. "నా జాందీరాని వాళ్ళ నాన్న చేతులే ఎత్తుతాయి. అందాకా ఎవడూ ముట్టుకోనక్కర్లేదు."

"ఇది దేవుడి నియమం సిస్టర్."

"ఈ దేవుడు వద్దన్నాడంటే కాఫీ మానేశాను బ్రదర్. బ్రెజిల్‌లో పుట్టి కాఫీ మానేశాను! ఇంకా ఏం మానమంటారు, మొగుణ్ణా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్విన వాళ్ళకే వెంటనే సిగ్గేసింది.

నజారే బట్టల మిల్లులో మగ్గాల దగ్గర పని చేస్తుంది. చర్చిలో ప్రతి ఆదివారం యాజకులు విరిచి పంచే రొట్టె ఆరేళ్ళుగా ఆమె కాల్చిందే. పిండి పిసికే నల్ల చేతులకు లేని దోషం రొట్టె విరిచే నల్ల చేతులకు ఎక్కడి నుంచి వచ్చిందో ఏ పెద్దమనిషీ చెప్పలేదు.

తర్వాతి శనివారం మధ్యాహ్నం, పిండి పొంగుతుండగా, ఆమె వంటింట్లో నలుగురు చేరారు. పక్కింటి ఫిర్మీనా అవ్వ వచ్చింది. బస్సు కండక్టరు అనక్లేతు వచ్చాడు. అతనిది తెల్లతోలు, అందుకని యాజకత్వం ఉంది. రేపు రొట్టె విరిచే వంతు అతనిదే.

"ఓపిక పట్టాలి. దేవుడే ఏదో ఒక రోజు దారి చూపిస్తాడు," అన్నాడు వాల్దెమీరు.

"మిల్లు సమ్మెప్పుడు కూడా ఇట్టాగే అన్నావయ్యా," అంది నజారే. "నాలుగు మగ్గాలు ఆపితే బూతులు తిట్టారు. నలభై ఆపితే పోలీసుల్ని పిలిచారు. మిల్లు మొత్తం ఆపాకే కదా కుర్చీలేసి మాట్లాడింది!"

"చర్చి మిల్లు కాదే."

"మనమే నడుపుతున్నాం, వాళ్ళు ఏలుతున్నారు. తేడా ఏంది?"

అనక్లేతు గొంతు సవరించుకున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "అన్నా, నీకొకటి చెప్పాలి. నన్ను చేర్చుకునే ముందు మిషనరీ కుర్రాళ్ళు మా ఇంటికొచ్చి ఫోటోల ఆల్బం అడిగారు. తాతముత్తాతల్లో నల్లోళ్ళు ఉన్నారేమోనని చూట్టానికి. వాళ్ళు గేటు దగ్గరుండగానే మా అమ్మ ఒక ఫోటో పీకి పరుపు కింద దోపింది. మా నాయనమ్మది. నీకంటే నలుపు అన్నా ఆవిడ. నన్ను పెంచింది ఆవిడే."

వాల్దెమీరు అతన్ని కొట్టడానికి లేచినట్టే లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఆరేళ్ళుగా ఈ మనిషి చేతి రొట్టె కళ్ళకద్దుకుని తిన్నాడు.

"నువ్వొక్కడివేనట్రా?" అంది ఫిర్మీనా అవ్వ. "ఈ పేటలో ఏ ఇంట్లో పెట్టె వెతికినా అడుగున ఒక నాయనమ్మ దొరుకుద్ది. వాళ్ళంతా నాతో కలిసి బట్టలుతికినోళ్ళే. పేరుపేరునా చెప్పమంటావా?"

"నువ్వు చెప్పొద్దవ్వా, వాళ్ళే చెప్పాలి," అంది నజారే. ఆ సాయంత్రమే గడపగడపకూ బయల్దేరారు. కొందరు తలుపు మొహం మీదే వేశారు. కొందరు ఏడ్చారు. సైనిక ప్రభుత్వం రోజులు, పదిమంది గుమిగూడితే ఆరా తీసేవాళ్ళు, అందుకని ఇద్దరిద్దరుగా తిరిగారు.

ఆదివారం రొట్టె విరిచే వేళ అనక్లేతు లేచాడు. పళ్ళెం పక్కన ఒక పాత ఫోటో పెట్టాడు. "ఈవిడ మా నాయనమ్మ. మీ నియమం ప్రకారం నేనీ రొట్టె ముట్టుకోకూడదు," అని వచ్చి వాల్దెమీరు పక్కన కూర్చున్నాడు. ఇంకొకడు లేచాడు. ఆ వెనక ఇంకొకడు. తెల్లబట్ట మీద ఏడు ఫోటోలు చేరాయి.

ఒటాసిల్యు మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. మిషనరీ కుర్రాడికి సైగ చేశాడు. వాడు వచ్చి రొట్టె విరిచాడు. పళ్ళెం వరస వెంట సాగింది. మొదటి బల్లలో ఇద్దరు తిన్నారు. ఆ తర్వాత తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ పళ్ళెం అందుకుని, ముక్క ముట్టకుండా పక్కవాళ్ళకు అందించారు. ఆ రెండు ముక్కలు తప్ప పళ్ళెం నిండుగానే తిరిగొచ్చింది.

పైవాళ్ళు ఊరుకోలేదు. విచారణ పెట్టి ఏడుగురి యాజకత్వం ఊడబీకారు. మొదట లేచినందుకు అనక్లేతును వెలేశారు. అతని తల్లి కొడుకుతో మాట్లాడటం మానేసింది. వాల్దెమీరు సరిగా అన్నం తినలేకపోయాడు. నా బిడ్డ కోసం వాడు రోడ్డున పడ్డాడే అని కుమిలిపోయేవాడు. అయినా రొట్టె ముట్టని ఆదివారాలు ఆగలేదు. మరో రెండు పేటల్లోనూ పళ్ళేలు నిండుగా తిరిగొస్తున్నాయని కబురు వచ్చింది.

రెండేళ్ళకు, జూన్ నెలలో, అమెరికా నుంచి ఉత్తరం వచ్చింది. అర్హుడైన ప్రతి మగవాడికీ రంగుతో పని లేకుండా యాజకత్వం ఇవ్వమని దేవుడు సెలవిచ్చాడట. ఒటాసిల్యు చదువుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అందులో క్షమించమన్న మాట లేదు. వెలేసిన వాళ్ళ ఊసు లేదు. జనం కౌగిలించుకుని ఏడ్చారు. నజారే కూడా ఏడ్చింది, కానీ ఆ ఏడుపులో సగం కోపం.

ఆ నెలలోనే వాల్దెమీరుకు యాజకత్వం ఇచ్చారు. మరుసటి ఆదివారం ఒటాసిల్యు స్వయంగా పిలిచాడు. "రా బ్రదర్. నీ బిడ్డను నువ్వే దీవించు."

వాల్దెమీరు జాందీరాను ఎత్తుకుని ముందుకు నడిచాడు. రెండేళ్ళుగా కలవరించిన ఘడియ. ఆగాడు. "అనక్లేతు చెయ్యి కూడా కావాలి. బయట నిలబడ్డాడు."

"వెలేసినవాడు బ్రదర్. అతని సంగతి తర్వాత చూద్దాం. నీది నువ్వు కానివ్వు."

ఒక్క అడుగు వేస్తే బిడ్డకు దీవెన దొరుకుతుంది. వెయ్యమనే నజారే మనసు అరిచింది, అబద్ధమెందుకు.

వాల్దెమీరు వెనక్కి తిరిగాడు. బిడ్డతో వీధిలోకి నడిచాడు. అతని వెనక ఒక బల్ల లేచింది, తర్వాత గది సగం ఖాళీ అయింది. పాత ట్రామ్ పట్టాల పక్కన మగవాళ్ళు గుండ్రంగా నిలబడ్డారు. అనక్లేతు చెయ్యి కూడా బిడ్డ కిందికి వచ్చింది. పిల్లకి రెండేళ్ళు, బరువెక్కింది, పైగా కాళ్ళు ఆడిస్తోంది.

"జారిపోతోందే, నువ్వూ పట్టుకో," అన్నాడు వాల్దెమీరు.

ఆ గుండ్రంలో ఆడదాని చేతికి ఏనాడూ చోటు లేదు. నజారే ఒక్క క్షణం చూసి, వచ్చి చెయ్యి పెట్టింది. ఫిర్మీనా అవ్వ కూడా పెట్టింది.

ఒటాసిల్యు గుమ్మంలో నిలబడి జేబులోంచి పుస్తకం తీశాడు. "ఆడవాళ్ళా! ఇదెక్కడి విడ్డూరం? పేర్లన్నీ రాసి పంపిస్తాను. విచారణకు రావాల్సి ఉంటుంది!"

"వస్తాం బ్రదర్, అందరం కలిసే వస్తాం," అంది నజారే బిడ్డ కింద నుంచి చెయ్యి తియ్యకుండా. "ముందు నా పేరు రాయండి."