నవనీత నవ్వించిన రోజు

ఆ ఆదివారం తార్నాకలోని ఆ ఇంట్లో ఆరుగురున్నారు. చర్చి నుంచి వచ్చి ఇంకా పట్టుచీర మార్చుకోని రాహేలు, యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసే ఆమె భర్త ప్రేమ్ కుమార్, వాళ్ల పదిహేనేళ్ల కూతురు స్నిగ్ధ, భోజనానికి పిలిచిన సంఘపెద్ద బాలస్వామి, ఎదురింటి వాసంతి. ఆరోది నవనీత. రాహేలు చెల్లెలి కూతురు. ఇంటర్ చదవడానికి ఊరి నుంచి వచ్చింది.

స్నిగ్ధకు ఆటిజంలో ఒక రకమైన ఆస్పర్జర్స్ ఉందని డాక్టరు చెప్పి చాలా కాలమైంది. ఆ పేరు ఇంట్లో అందరికీ నోటికి వచ్చింది. దాని అర్థమే ఎవరికీ పట్టలేదు.

"మంచినీళ్లు తే స్నిగ్ధా," అంది రాహేలు. "అట్లనే పచ్చడి గిన్నె తే," అన్నాడు ప్రేమ్ కుమార్. ఫ్యాన్ జర పెంచమని బాలస్వామి, స్టవ్ బంద్ చేయమని వాసంతి. నాలుగు నోళ్లూ ఒక్కసారే.

వంటింట్లోకి వెళ్లిన స్నిగ్ధ ఉత్తచేతులతో తిరిగొచ్చింది. "నేను దేనికి పోయిన?"

"కాచిగూడ దాకా రైలు స్టేషన్లన్నీ అప్పజెప్తది, నీళ్లు మాత్రం యాదికుండయ్! యాక్టింగ్ వదినా, ఉత్త యాక్టింగ్," అంది వాసంతి.

అప్పుడు లేచింది నవనీత. కాలేజీలో హాజరు కూడా గొణుగుతూ పలికే పిల్ల. వంటింటి గుమ్మం దాకా వెళ్లి, గిరుక్కున తిరిగి, కళ్లు పైకప్పుకు అంటించి, అచ్చం స్నిగ్ధలాగే అంది: "నేను దేనికి పోయిన?"

ఇల్లంతా ఒకటే నవ్వు. బాలస్వామి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "మాట్లాడదనుకున్నం గానీ, గట్టి పిల్లే!" అంది వాసంతి. ఈ ఇంటికి వచ్చాక తన మాటకు ఇంతమంది తల తిప్పడం నవనీతకు అదే మొదలు.

నవ్వులు ఆగాక చూస్తే స్నిగ్ధ లేదు. గుమ్మం దగ్గర ఆమె చెప్పులూ లేవు.

నవనీత చెప్పులు తొడుక్కుంది. మొన్న సాయంత్రం క్యాంపస్‌లో చెట్ల కింద నడుస్తూ స్నిగ్ధ చెప్పిన మాట గుర్తొచ్చింది. "అందరు ఒక్కపారి చెప్తే అన్నీ కలిసిపోతయక్కా. ఒక్కటి చెప్తే చేస్త. ఎవ్వరికీ అనకు, నవ్వుతరు." తెలియక చేసినవాళ్లు నలుగురు. తెలిసి చేసింది తనొక్కతే.

పెదనాన్న స్కూటర్ వెనక కూర్చుని వెతికింది. యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద దొరికింది స్నిగ్ధ. రెండు చేతులతో చెవులు మూసుకుని, "సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజ్, జామై ఉస్మానియా, విద్యానగర్..." అని స్టేషన్ల పేర్లు వల్లిస్తోంది. తండ్రిని చూసి ఆగింది. "ఇంటికి ఎటు పోవాల్నో దొరుకుతలేదు డాడీ." రోజూ నడిచే దారే అది.

ప్రేమ్ కుమార్ ఒక్క మాటే అన్నాడు. "నడుద్దాం."

కొంతదూరం పోయాక దారి గుర్తొచ్చి స్నిగ్ధ ముందు నడుస్తుంటే, స్కూటర్ నెట్టుకుంటూ అతను నవనీతతో మెల్లగా చెప్పాడు. "లైబ్రరీల పదిమంది ఒక్కసారి మీద పడి అడిగితే, ఉన్న పుస్తకం గూడ నాకు దొరకదు. దొరకకపోతే లేదంటమా? ఆ సంగతి తెలిసిన నేనే నా బిడ్డను పరేషాన్ చేసిన. ఆమెది నాటకం గాదు బిడ్డా. మనం ఆగకపోవుడే తప్పు."

ఎదుటివారి తికమకను నాటకమనడం ఎంత సులువు! మన గొంతు తగ్గించుకోవడమే మనకు చేతకాదు.

ఇంటికి రాగానే స్నిగ్ధ తన గదిలోకి వెళ్లింది. నవనీత గుమ్మంలో నిలబడి గబగబా అంది. "సారీ స్నిగ్ధా, అన్నం తింటవా, నీళ్లు తేనా, నా మీద కోపమొచ్చిందా?"

"ఒక్కటే అడుగు."

మూడింట్లో ఏది అడగాలో నవనీతకే తేలలేదు.

"అయితే నేనే అడుగుత. వాళ్లంతా నవ్విన్రు. నువ్వు గూడ నవ్వినవా?"

"నవ్వలే..." నవనీత తల దించుకుంది. "నవ్వించిన."

స్నిగ్ధ తలూపింది. తర్వాత తలుపు మూసింది. మెల్లగా, కొంచెం కూడా చప్పుడు కాకుండా. చప్పుడు ఎదుటివాళ్లనెంత బాధపెడుతుందో ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు.